ఫోర్ట్ డేవిస్, టెక్సస్: గోడ కూడా లేని కోటకి ఏడు గంటల డ్రైవా?

తెనాలి_టు_ఫ్రిస్కో
మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి వెస్ట్ టెక్సస్ అనుకుంటున్నాం. అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, పిల్లలిద్దరు. మా ఆయన బిగ్ బెండ్ నేషనల్ పార్క్ అంటున్నారు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కొండలెక్కలేరు. రిటైరైన సోషల్ మాస్టారు, కోటలంటే చెవి కోసుకుంటారు. అందుకని బిగ్ బెండ్‌కి ముందు ఫోర్ట్ డేవిస్ పెడదామని నా ప్లాన్. తీరా ఫొటోలు చూపిస్తే ఆయనే "ఏమ్మా, దీనికి బురుజేదీ, గోడేదీ? గవర్నమెంటు హాస్టల్లా ఉందే" అన్నారు. మా ఆఫీసులో ఒకాయన "అక్కడేం లేదు, పునాదులూ ఎండా" అని తేల్చేశాడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక రోజు పెట్టొచ్చా, గంటలో తేలిపోయే వ్యవహారమా?

ఇర్వింగ్_బావ
గంట కూడా ఎక్కువే. మా బ్యాచ్ అంతా కారు దిగి, సెల్ఫీలు దిగి, ఎక్కేశాం. గోల్కొండలో బాలా హిస్సార్ దాకా ఎక్కినవాడికి అది ఆనదు. మీ ఆఫీసాయన మాట వినండి.

గండికోట_కుర్రోడు
బావా, గోల్కొండతో పోలిస్తే ఇంకేం ఆనుతుంది? అది రాజధాని. రాజుగారూ, ఖజానా, అంతఃపురం అన్నీ లోపలే. ఫోర్ట్ డేవిస్‌లో రాజు లేడు, దండు మాత్రమే ఉంది. కాలిఫోర్నియాలో బంగారం పడ్డాక శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో మీదుగా పడమటికి పోయే బళ్ళు పెరిగాయి. ఆ దారి కాపలాకి 1854లో పెట్టిన సైనిక స్థావరం ఇది. పోల్చాలంటే మన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌తో పోల్చాలి. మధ్యలో పరేడ్ గ్రౌండ్, ఒక పక్క వరసగా ఆఫీసర్ల బంగళాలు, ఎదురుగా సిపాయిల బ్యారక్‌లు, ఎడంగా ఆసుపత్రి. తిరుమలగిరి, బొల్లారం వైపు పెరిగినవాళ్ళకి చూడగానే అర్థమైపోతుంది.

బొల్లారం_బుల్లోడు
పిలిచారా? నిజమే. ఆఫీసర్స్ రో మీద నిలబడితే మా స్కూల్ వెనకాల రోడ్డే అనిపించింది. చింతచెట్లు లేవంతే.

సందేహాలపుట్ట
అంతా బాగానే ఉంది కానీ, చుట్టూ అపాచీలు, కొమాంచీలు లాంటి ఆదివాసీ తెగలు ఉన్న చోట గోడ లేకుండా ఎలా పడుకునేవాళ్ళు? సినిమాల్లో దుంగలతో కట్టిన ఎత్తైన గోడా, పెద్ద గేటూ ఉంటాయిగా?

రాళ్ళూ_రప్పలూ
సినిమావాళ్ళకి గేటు మూసే సీను కావాలి. నైరుతి అమెరికాలో చాలా ఆర్మీ ఫోర్టులకి ప్రహరీ గోడ ఉండేది కాదు. నేను మిడ్‌ల్యాండ్‌లో ఉంటా, అటు పని మీద తిరుగుతుంటా, కాస్త పెద్దగానే రాస్తా.

అపాచీలు కోటని ముట్టడించే రకం యుద్ధం చేయలేదు. వాళ్ళకి కావాల్సినవి గుర్రాలు, కంచర గాడిదలు, దారిన పోయే సరుకు బళ్ళు. వందలమంది సైనికులు తుపాకులతో ఉన్న చోటికి ఎదురెళ్ళి చావాల్సిన అవసరం వాళ్ళకేముంది? ఇటు సైన్యానికీ గోడ వెనక కూర్చుంటే పని జరగదు. టపా బండి వెంట వెళ్ళాలి, రోడ్డు వేయాలి, టెలిగ్రాఫ్ తీగ లాగాలి, తెగితే మళ్ళీ అతకాలి.

మొదటి కోట కొండల సందులో ఉండేది, మూడు వైపులా రాతి గోడల్లాంటి కొండలే. రక్షణ అనుకున్నారు. కానీ పైనుంచి ఎవడైనా నక్కి చూడొచ్చు, గుర్రాల్ని తోలుకుపోవచ్చు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఫెడరల్ సైన్యం వదిలేసి వెళ్ళింది, కాన్ఫెడరేట్లు (విడిపోయిన దక్షిణ రాష్ట్రాలవాళ్ళు) కొన్నాళ్ళు ఉండి వాళ్ళూ పోయారు. 1867లో సైన్యం తిరిగొచ్చాక ఈసారి లోయ ముఖద్వారం దగ్గర, మైదానంలో కట్టుకుంది. మీరిప్పుడు చూసేది ఆ రెండో కోట. 1891 దాకా నడిచింది.

అసలు కిటుకు నీళ్ళలో ఉంది. 1880 వేసవిలో విక్టోరియో అనే అపాచీ నాయకుడు మెక్సికో నుంచి రియో గ్రాండే దాటి ఇటొచ్చాడు. శాన్ కార్లోస్ రిజర్వేషన్‌లో (ప్రభుత్వం ఆదివాసుల్ని ఉంచిన ప్రాంతం) ఉండం అని తనవాళ్ళతో బయటపడిన మనిషి. కర్నల్ గ్రియర్సన్ అతన్ని వెంటపడి తరమడం మానేశాడు. ఆ ఎడారిలో నీళ్ళుండే చోట్లు ఎన్నో లేవు కదా, సైనికుల్ని తీసుకెళ్ళి అక్కడ కాపు పెట్టాడు. జులై 30న టినాహా డి లాస్ పాల్మాస్ దగ్గర, ఆగస్టు 6న రాటిల్‌స్నేక్ స్ప్రింగ్స్ దగ్గర విక్టోరియోకి నీళ్ళు అందలేదు, వెనక్కి తిరిగాడు. ఆ అక్టోబరులో మెక్సికోలోని ట్రెస్ కాస్టియోస్ దగ్గర మెక్సికన్ సైనికుల చేతిలో చనిపోయాడు.

అందుకే నేనెప్పుడూ చెప్పేదొకటే. కోట ఒక్కటీ చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. చుట్టుపక్కల ఊటలూ, కనుమలూ, ఆ రోడ్డూ కలిపి చూడాలి. కోట గోడలు ఎక్కడున్నాయంటే అవే.

ఇర్వింగ్_బావ
అన్నా, ఇదంతా అక్కడ బోర్డు మీద రాసుంటే మేమూ ఆగేవాళ్ళం కదా 😀

పాతపుస్తకాల_పాపయ్య
రాసే ఉంది బావా. చదవాలంటే కారు దిగాక సెల్ఫీ కర్ర కాసేపు లోపల పెట్టాలి.

ఇర్వింగ్_బావ
దెబ్బ తగిలింది. కొనసాగించండి.

పాతపుస్తకాల_పాపయ్య
రాళ్ళూ_రప్పలూ గారు 1867 దగ్గర ఒక ముఖ్యమైన సంగతి దాటేశారు. తిరిగొచ్చినవాళ్ళు ఎవరు? నైన్త్ కావల్రీ, అంటే నల్లజాతి సైనికుల గుర్రపు దళం. తర్వాత టెన్త్ కావల్రీ, ఇరవై నాలుగు, ఇరవై అయిదో ఇన్‌ఫాంట్రీలు (కాల్బలాలు) కూడా ఇక్కడ పనిచేశాయి. బఫెలో సోల్జర్స్ అంటారే, వాళ్ళే. చాలామంది రెండేళ్ళ క్రితం దాకా బానిసలు. జీతం నెలకి 13 డాలర్లు. ఆఫీసర్లు దాదాపు అందరూ తెల్లవాళ్ళు.

దీంట్లో ఒక ఎకసెక్కం చూడండి. కోటకి పేరు పెట్టింది అప్పటి యుద్ధ మంత్రి జెఫర్సన్ డేవిస్ మీద. ఆ డేవిసే తర్వాత బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరసీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన పేరున్న కోటని మళ్ళీ లేపి నిలబెట్టింది విడుదలైన బానిసలు.

బొల్లారం_బుల్లోడు
ఒంటెల్ని అమెరికా ఆర్మీలోకి తెప్పించిన డేవిస్ ఈయనేనా?

పాతపుస్తకాల_పాపయ్య
ఈయనే. 1850లలో ఒంటెల్ని ఓడల్లో టెక్సస్‌కి దింపించాడు, ఈ ఎడారి దారుల్లో సరుకు మోయించి చూశారు. ఒంటెలు బాగానే మోశాయి. ఇబ్బందల్లా గుర్రాలకీ కంచర గాడిదలకీ వాటి వాసన గిట్టకపోవడం.

సందేహాలపుట్ట
కొత్త టీం మెంబర్ వస్తే మా ఆఫీసులోనూ అంతే.

మల్లెతీగ
హెన్రీ ఫ్లిప్పర్ గురించి ఎవరూ చెప్పలేదేం? నాకు ఆ చోటు గుర్తుండిపోయింది ఆయన వల్లే. బానిసగా పుట్టి, 1877లో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ పూర్తిచేసిన మొదటి నల్లజాతి ఆఫీసర్. ఫోర్ట్ డేవిస్‌లో కమిసరీ (తిండి సరుకుల) లెక్కలు ఆయన చూసేవాడు. 1881లో డబ్బు తక్కువొచ్చిందని కోర్ట్ మార్షల్ పెట్టారు. డబ్బు కాజేశాడన్న నేరం రుజువు కాలేదు, నిర్దోషి అన్నారు. కానీ ఆఫీసరుకి తగని ప్రవర్తన అన్న రెండో ఆరోపణ మీద 1882లో ఉద్యోగం తీసేశారు. తర్వాత ఇంజనీరుగా బతికాడు, 1940లో పోయాడు. 1999లో క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చారు. అప్పటికి మనిషి పోయి 59 ఏళ్ళు.

విచారణ జరిగింది అక్కడి చాపెల్‌లో. ఇప్పుడా భవనం నిలబడి లేదు. "పునాదులూ ఎండా" అన్నారే ఆఫీసాయన, ఆ పునాదుల్లో ఒకటి అదే.

తెనాలి_టు_ఫ్రిస్కో
మల్లెతీగ గారూ, మీ పోస్టు మామయ్యగారికి చదివి వినిపించా. "ఆ రెండో ఆరోపణ ఉందే, అది ఏ ఆఫీసులోనైనా ఉంటుందమ్మా" అన్నారు. ఆసక్తి మొదలైంది. మరి ఆయన నడవగలరా అక్కడ?

మల్లెతీగ
పరేడ్ గ్రౌండ్ చుట్టూ నేల చదునే. ఆసుపత్రి కాస్త వెనక్కి ఉంటుంది, నిదానంగా వెళ్ళొచ్చు. బంగళాల వరండాలు లోతుగా, నీడగా ఉంటాయి, కూర్చోబెట్టండి. తప్పకుండా చూపించాల్సినవి రెండు, కమాండింగ్ ఆఫీసర్ ఇల్లూ, సిపాయిల బ్యారక్. ఒకచోట పియానో, తివాచీలు, పింగాణీ. ఎదురుగా ఇనుప మంచాల వరసలు, ప్రతి మంచం కాళ్ళ దగ్గర ఒక పెట్టె, అంతే. 1880లలో ఎలా ఉండేవో అలా అమర్చారు.

స్పీకర్లలో బ్యూగిల్, గుర్రాల డెక్కల చప్పుడు, కవాతు ఆదేశాలు వేస్తారు, ఆ వేళలు విజిటర్ సెంటర్‌లో అడగండి. మైదానం ఖాళీగా ఉంటుంది, చప్పుడు మాత్రం సైన్యం ఉన్నట్టే వస్తుంది. మా చిన్నాడు గుర్రాలెక్కడా అని ప్రతి భవనం వెనకా వెతికాడు.

పచ్చి_ఇటుక
సివిల్ ఇంజనీర్‌ని, నా గోల నాది. పైకప్పు ఉన్న ఇళ్ళ కన్నా పైకప్పు లేనివి చూడండి. ఎండలో ఆరబెట్టిన మట్టి ఇటుక, కాల్చనిది. గోడ దగ్గరికెళ్తే ఇటుకలో గడ్డిపోచలు, చిన్న గులకరాళ్ళు కనిపిస్తాయి. కప్పు ఉన్నన్నాళ్ళు అది గట్టిదే, కప్పు పోయిందా, వాన కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త జారిపోతుంది. మా కర్నూలు వైపు పాత మిద్దెలు వదిలేసిన ఇళ్ళల్లాగే, ముందు పైన, తర్వాత మొదట్లో తినేస్తుంది. మొదట్లో తినడం చాలామంది గమనించరు. నేలలో తడి పైకెక్కి, ఎండి, ఉప్పు పేరుకుని, అడుగున గాడి పడుతుంది. ఆ గాడి లోతైతే గోడ మొత్తం కూలుతుంది. దయచేసి పిల్లల్ని వాటి మీద ఎక్కనివ్వొద్దు.

ఎవరి_నేల
అందరూ సైనికుల గురించే రాస్తున్నారు. వాళ్ళు కాపలా కాసిన దారి ఎవరి భూమిలోంచి పోయింది? మెస్కలెరో అపాచీలది. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు, న్యూ మెక్సికోలో రుయిడోసో పక్కన రిజర్వేషన్‌లో. విక్టోరియోకి నీళ్ళు అందకుండా చేయడం గొప్ప వ్యూహం అని రాసేశారు. అతనితో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారు, దాహం వాళ్ళకి కూడా వేస్తుంది.

రాళ్ళూ_రప్పలూ
గొప్ప అని నేననలేదు, పనిచేసింది అన్నాను. మీరన్నది నిజం. ఆ మాట నా పోస్టులో లేకపోవడం వెలితే.

పాతపుస్తకాల_పాపయ్య
ఎవరి_నేల గారు అడిగింది సరైన ప్రశ్న. అయితే ఆ సిపాయిల్ని ఎక్కడ పెడతాం? నిన్నటిదాకా సంకెళ్ళలో ఉన్నవాడు, ఇవాళ యూనిఫాం వేసుకుని ఇంకొకడి నేల లాక్కునే పనిలో ఉన్నాడు. మనకి మరీ కొత్త కాదిది. మద్రాసు ఆర్మీలో తెలుగు సిపాయిలు కంపెనీ కోసం ఎవరెవరి మీదికో వెళ్ళారు. 1780లో విశాఖపట్నంలో కొందరు సిపాయిలు హైదర్ అలీ మీదికి వెళ్ళమని ఓడెక్కకుండా తిరగబడ్డారు కూడా.

ఎవరి_నేల
తిరగబడినవాళ్ళున్నారు కదా. అదే నేననేది.

పాతపుస్తకాల_పాపయ్య
వాళ్ళు తిరగబడింది హైదర్ మీద ప్రేమతో కాదండీ, సొంత ఊరు వదిలి సముద్రం మీద వెళ్ళడం ఇష్టంలేక. ఇక్కడి సిపాయికి వదిలి వెళ్ళడానికి సొంతమంటూ ఏముంది? వెనక్కెళ్తే పత్తి చేలే. 13 డాలర్లు, ఒంటి మీద బట్ట, కొన్నిచోట్ల ఆర్మీ చాప్లెయిన్ (పాస్టరు) నేర్పే అక్షరాలు. ఇందులో ఇద్దరం ఒప్పుకోం, వదిలేద్దాం.

కుక్కర్_సుబ్బులు
ఇన్ని పోస్టులొచ్చాయి, తిండి గురించి ఒక్కరూ రాయలేదు. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు అక్కా, ఫోర్ట్ డేవిస్ చాలా చిన్న ఊరు. శాకాహారం అంటే చీజ్ ఎంచిలాడా, బీన్స్ బురిటో. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని అడిగి మరీ తినండి. రైస్ కుక్కర్, పులిహోర పేస్ట్, పెరుగు డబ్బా పట్టుకెళ్ళండి. సరుకులకి ఆల్పైన్, 24 మైళ్ళు. దారిలో ఒక మోటెల్లో ఇంగువ తాలింపు వేశామని క్లీనింగ్ ఫీజు గుంజారు, తాలింపు మాత్రం ఇంట్లోనే వేసుకుని వెళ్ళండి.

ఇర్వింగ్_బావ
ఇంగువకి ఫీజు 😂 ఇదీ అసలైన ఫ్రాంటియర్ కష్టం.

చుక్కలరాయుడు
కోట పగటికి, రాత్రికి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ. 16 మైళ్ళు, మౌంట్ లాక్ మీద, 6,700 అడుగుల పైన. మంగళ, శుక్ర, శనివారాలు స్టార్ పార్టీ (టెలిస్కోపుల్లో చుక్కలు చూపించే కార్యక్రమం) ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి, స్ప్రింగ్ బ్రేక్‌లో టికెట్లు ఆగవు. పౌర్ణమి దగ్గర్లో వెళ్తే దండగ. ఎండాకాలంలోనే స్వెటర్ కావాలి, మార్చిలో పెద్దవాళ్ళకి దుప్పటి, మంకీ క్యాప్ తప్పనిసరి. మొహమాటపడకండి, అక్కడ చీకట్లో ఎవరూ చూడరు.

మామయ్యగారికి ఒక పని చెప్పండి. చీకటి పడగానే దక్షిణం వైపు, కొండల అంచు మీద బాగా కిందికి చూడమనండి. వెలిగే చుక్క ఒకటుంటుంది. అగస్త్య నక్షత్రం. తెనాలిలో ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది, డాలస్‌లో మాత్రం నేలబారున ఉండి, సిటీ వెలుతురులో కలిసిపోతుంది. ఇక్కడ మార్చి సాయంత్రాల్లో అడ్డం లేకపోతే స్పష్టంగా దొరుకుతుంది. మా నాన్నగారు దాన్ని పట్టుకుని, గైడు కన్నా ముందు పక్కవాళ్ళకి కథ మొదలెట్టారు, వింధ్య పర్వతం, వాతాపి, జీర్ణం, మొత్తం తెలుగులో. వాళ్ళు తలలూపారు.

బొల్లారం_బుల్లోడు
అక్కడి పెద్ద టెలిస్కోప్ అద్దాన్ని ఎవడో తుపాకీతో కాల్చాడటగా?

చుక్కలరాయుడు
అవును, 1970లో, అక్కడి ఉద్యోగే. 107 అంగుళాల అద్దం, పిస్తోలు గుళ్ళకి పగలలేదు, చిన్న గుంటలు పడ్డాయంతే. దానితోనే పరిశోధన సాగింది.

వీసా_వెంకట్
ముఖ్యమైనది. డాలస్ నుంచి ఐ-20, ఐ-10 పట్టుకుని బాల్మోరియా మీదుగా 17 రోడ్డులో ఫోర్ట్ డేవిస్ వస్తే ఇబ్బంది లేదు. కానీ బిగ్ బెండ్ వెళ్ళి ఉత్తరానికి తిరిగి వచ్చేటప్పుడు ఆల్పైన్ రోడ్డు 118 మీదా, మారథాన్ రోడ్డు 385 మీదా బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులున్నాయి. ప్రతి కారూ ఆపుతారు. హెచ్1 అయినా, విజిటర్ వీసా అయినా పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్లు కారులో ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉంటే కార్డు. 18 దాటినవాళ్ళు దగ్గర ఉంచుకోవాలన్నది చట్టమే. ఫోన్లో ఫొటో ఉందిలే అనుకోకండి, అక్కడ సిగ్నల్ కూడా ఉండదు.

తెనాలి_టు_ఫ్రిస్కో
ఇది ఎవరూ చెప్పలేదు మాకు! అత్తయ్యగారి పాస్‌పోర్ట్ బీరువాలో భద్రంగా దాచిపెట్టి వెళ్దామనుకున్నాం. థాంక్స్ వెంకట్ గారూ.

బోరుబావి
అనంతపురం జిల్లావాణ్ణి, నీళ్ళ మాట వచ్చింది కాబట్టి దూరా. బాల్మోరియా స్టేట్ పార్క్‌లో తప్పకుండా ఆగండి. శాన్ సోలొమన్ ఊట మీద 1930లలో కట్టిన పెద్ద ఈతకొలను, 25 అడుగుల లోతు, అడుగున చేపలు కనిపిస్తాయి. నీళ్ళు ఏడాది పొడుగునా 72 నుంచి 76 డిగ్రీల ఫారెన్‌హీట్. డే పాస్ ముందే తీసుకోండి.

తిరుగు ప్రయాణంలో వీలైతే ఫోర్ట్ స్టాక్టన్. అదీ ఆర్మీ కోటే, కొమాంచీ స్ప్రింగ్స్ అనే ఊటల కోసం పెట్టింది. వేల ఎకరాలు పండించిన ఊటలవి. 1950లలో పైన పొలాలవాళ్ళు బోర్లేసి లాగేశారు. కింద ఆయకట్టు రైతులు కోర్టుకెళ్తే, ఎవడి భూమి కింద నీళ్ళు వాడివి, తోడుకోవచ్చు అని 1954లో తీర్పొచ్చింది. 60లకల్లా ఊటలు ఎండిపోయాయి. కొన్ని చలికాలాలు, బోర్లు ఆపినప్పుడు, కాస్త ఊరుతుంది. ఆ తీర్పు చదివాక మా ఊళ్ళో బోర్ల పంచాయితీలు గుర్తొచ్చాయి. అపాచీలకీ ఆర్మీకీ మధ్య నీళ్ళ గొడవ అయిపోయాక ఆర్మీ వెళ్ళిపోయింది, గొడవ మాత్రం వెళ్ళలేదు.

పచ్చి_ఇటుక
బోరుబావి గారూ, ఈ కేసు మీద విడిగా ఒక చర్చ పెట్టండి. నాకు చాలా అడగాలని ఉంది.

రాళ్ళూ_రప్పలూ
మీ ప్లాన్ ఇలా మార్చండి తెనాలి గారూ. మొదటిరోజు బాల్మోరియా మీదుగా వచ్చి పడుకోండి. రెండోరోజు పొద్దున్న ఎనిమిదికల్లా కోట, ఎండ ముదరకముందే ఒక పూట అక్కడే. మీ ఆయనా పిల్లలూ కోట వెనక నుంచి కొండ మీదికి కాలిబాట పట్టి ఎక్కవచ్చు, పైనుంచి మొత్తం నక్షా ఒక్క చూపులో కనిపిస్తుంది, పాముల్ని చూసుకుంటూ నడవమనండి. పెద్దవాళ్ళు వరండాలో. మధ్యాహ్నం 118, 166 రోడ్ల మీద కొండల చుట్టూ 75 మైళ్ళ లూప్, మామయ్యగారు కారు దిగక్కర్లేదు. రాత్రి చుక్కలు. మర్నాడు బిగ్ బెండ్. పెట్రోలు ఊళ్ళోనే నింపుకోండి, లూప్ మీద దొరకదు. నేషనల్ పార్క్ వార్షిక పాస్ ఉంటే కోటకీ బిగ్ బెండ్‌కీ అదే చాలు.

మార్చిలో గాలి విపరీతం, గడ్డి ఎండి ఉంటుంది. 2011 ఏప్రిల్లో మార్ఫా దగ్గర అంటుకున్న మంట మూడు లక్షల ఎకరాలు తినేసింది, ఫోర్ట్ డేవిస్ ఊళ్ళో ఇళ్ళు కూడా కాలాయి. బర్న్ బ్యాన్ ఉంటే స్టవ్ బయట వెలిగించొద్దు.

కుక్కర్_సుబ్బులు
అందుకే ఎలక్ట్రిక్ కుక్కర్ అన్నా.

ఇర్వింగ్_బావ
మార్చిలో మావాళ్ళు బిగ్ బెండ్ అంటున్నారు. ఈసారి కోట దగ్గర నేను దిగుతా, వాళ్ళు దిగకపోతే కారులో ఉంటారు.

తెనాలి_టు_ఫ్రిస్కో
రూములు బుక్ చేశాం. స్టార్ పార్టీకి శుక్ర, శనివారాలు అయిపోయాయి, మంగళవారం ఆరు టికెట్లు దొరికాయి, అందుకని రాళ్ళూ_రప్పలూ గారి ప్లాన్ ఒక రోజు ముందుకి జరిపాం. బాల్మోరియా పాస్ ఆ రోజుకి ఇంకా తెరవలేదు. అది ఎన్ని రోజుల ముందు తెరుస్తారో ఎవరికైనా తెలుసా?